ఆనపపూలు విచ్చే వేళ

భీమేశ్వరరావు స్కూటరు కడగడం వల్ల ఆ ఆదివారం పొద్దున్నే ఇంట్లో గొడవ మొదలైంది.

కడిగినందుకు కాదు, ఏ నీళ్ళతో కడిగాడన్నదే గొడవ. అవి ఆయన భార్య అమ్మణ్ణి బట్టలు జాడించిన ఆఖరి నీళ్ళు. సబ్బు వాసన కూడా లేని ఆ బకెట్టును వాళ్ళమ్మాయి రసజ్ఞ మెట్ల కింద నీడకు జరిపి, పైన పళ్ళెం మూతపెట్టి, ఎండ తగ్గాక ఆనపపాదుకు పోద్దామని దాచుకుంది. తలంటుకుని పెరట్లోకి వచ్చేసరికి పళ్ళెం ఒకచోట, బకెట్టు ఒకచోట పడి ఉన్నాయి. స్కూటరు మాత్రం షోరూంలోంచి అప్పుడే దిగినట్టు మెరుస్తోంది.

"నాన్నా, ఆ నీళ్ళు మొక్కలకని దాచాను."

"దాచినట్టు నాకెలా తెలుస్తుంది?"

"మూత పెట్టాను కదా. ఉత్త నీళ్ళకి మూతెవరైనా పెడతారా?"

"దుమ్ము పడకుండా నువ్వు నా స్కూటరు కోసమే పెట్టావనుకున్నాను," అన్నాడు భీమేశ్వరరావు, అద్దం మీద ఆఖరి చుక్క తుడుస్తూ.

చందానగర్‌లో ఆ ఏడు ఎండలు తొందరగా ముదిరాయి. బోరు పొద్దున్నే కాసేపు దగ్గి, కాస్త బురద కక్కి, సాయంత్రం దాకా ఊరుకుంటోంది. అలాంటి రోజుల్లో బకెట్టు నీళ్ళంటే మాటలా అని కూతురు, ఇంటి యజమాని తన స్కూటరు తను కడుక్కోవడానికి అర్జీ పెట్టుకోవాలా అని తండ్రి వాదించుకుంటుండగా మేడమెట్ల మీద ఎవరో ఆగారు.

పైనున్న ఒంటిగదిలో ఉగాదికి దిగిన అబ్బాయి. పేరు వెంకటరమణ. ఊరు అనంతపురం. హైటెక్ సిటీలో కొత్తగా లేచిన అద్దాల మేడలో ఉద్యోగం. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ మరిచిపోకుండా చూడటం తన పని అని దిగిన రోజున చెప్పాడు. ఆ పని ఏమిటో భీమేశ్వరరావుకు అర్థం కాలేదు గానీ, అద్దె సమయానికి వస్తుందని మాత్రం అర్థమైంది.

"తడిబట్టతో తుడిస్తే సరిపోతుంది కదా అంకుల్. మా పక్క అట్లే చేస్తాం. కడిగేదానికి నీళ్ళు యాడుంటాయి మాకు," అన్నాడు రమణ.

భీమేశ్వరరావు ముఖం ముడుచుకుంది. తన పక్షాన మాట్లాడినందుకు రసజ్ఞ సంతోషించాలి. కానీ ఇంటి గొడవలోకి మూడో మనిషి దిగడం ఆమెకూ నచ్చలేదు.

"మీ పక్క నీళ్ళు లేవన్నారు. మరి మీ బాత్‌రూం కుళాయి తెల్లవార్లూ కారుతుందేమండీ?"

"వాషర్ పోయిందండీ."

"మార్పించొచ్చు కదా."

"ఓనర్ గారికి చెప్పినాను. చూద్దాంలే అన్నారు."

తల్లి అమ్మణ్ణి వంటింటి గుమ్మంలో కూరలు తరుగుతూ నవ్వు ఆపుకుంది. ఇరుక్కున్న భీమేశ్వరరావు మాట మార్చాడు. అసలు ఈ పెరడు కోసం ఇంత రభస ఎందుకన్నాడు. ఫిబ్రవరిలో పెట్టిన పాదు మెట్ల కమ్మీ అంతా పాకి, డాబా మీదికి ఎక్కింది, ఒక్క కాయైనా కాసిందా అన్నాడు. తన మాటకు సాక్ష్యం అన్నట్టు సంచిలోంచి పొద్దున బజార్లో కొన్న ఆనపకాయ తీసి అమ్మణ్ణి ముందు పెట్టాడు.

"నర్సింహ మేస్త్రితో మాట్లాడాను. వానలు పడేలోపు ఇక్కడ రెండు గదులు వేయిస్తాను. హైటెక్ సిటీ కుర్రాళ్ళు గదులు దొరక్క తిరుగుతున్నారు. మిగిలిన జాగా సిమెంటు చేయిస్తే మట్టీ ఉండదు, నీళ్ళ గొడవా ఉండదు."

రసజ్ఞ చేతిలోని పళ్ళెం అలాగే ఉండిపోయింది.

ఆ పెరడు చూస్తే పెద్దదేం కాదు. ప్రహరీ పక్కన మల్లె, కరివేపాకు, మందార, తులసికోట. మెట్ల పక్కన ఆనప, దాని అవతల బీర. కానీ గోడ నీడన వరసగా పెట్టిన పాత డబ్బాల్లో రసజ్ఞ వేసిన వంగనారు, మిరపనారు, కరివేపాకు పిలకలు ఉన్నాయి. మియాపూర్‌లోనూ కొండాపూర్‌లోనూ లేస్తున్న ఫ్లాట్లలోకి దిగినవాళ్ళు బాల్కనీలో పెట్టుకోవడానికి ఒక్క తులసి మొక్క దొరకక అడిగి మరీ పట్టుకెళ్తున్నారు. వానలు పడగానే చిన్న నర్సరీ మొదలుపెట్టాలని ఆమె ఆశ. బాటనీలో డిగ్రీ చేసినందుకు తనకంటూ కావాలనుకున్నది అదొక్కటే. తండ్రి కోరిక మీద కంప్యూటర్ కోర్సుకు వెళ్ళి వస్తోంది గానీ, మనసంతా ఈ డబ్బాల దగ్గరే ఉంటుంది.

"ఒక్క కాయ కాస్తే ఆపుతారా?" అంది.

అందరి ముందూ కాదనలేక భీమేశ్వరరావు తల ఊపాడు. "మృగశిర వచ్చేలోపు ఆ పాదు కాయ నా కంచంలోకి రానీ. అప్పుడు చూద్దాం."

*

ఆ సాయంత్రం ఎండ దిగాక మెట్ల మీద చప్పుడైంది. రమణ రెండు చేతులతో బకెట్టు మోసుకుంటూ దిగాడు.

"నా బట్టలు జాడించిన నీళ్ళు. ఆఖరివే. పొద్దున మాటకు జరిమానా అనుకోండి. వాషరు కూడా నేనే మార్చినాను."

రసజ్ఞ నవ్వకుండా బకెట్టు అందుకుని, నీళ్ళు వాసన చూసి, పాదు చుట్టూ గుండ్రంగా పోసింది. మొదలు దగ్గర పోయకూడదని, వేళ్ళ చివర్లకు అందేలా జానెడు దూరంలో పోయాలని చెప్పింది. తడి ఆరకముందే దాని మీద ఎండుటాకులు పరిచింది. మే నెలలో నేల చర్మం కప్పకపోతే పోసిన నీళ్ళు సూర్యుడే తాగేస్తాడంది.

"ఇంత చేస్తాండారు. మరి సొరకాయ ఏంటికి కాయలేదు?"

"ఆనపకాయ."

"మా ఊర్లో సొరకాయే."

"ఇది మా ఊరి విత్తనం. దానికి ఆ పేరు పెడితే పలకదు. అందుకే కాయట్లేదేమో."

అన్నదే గానీ ఆమె కళ్ళు పాదు మీదే ఉన్నాయి. చిటికెన వేలంత పిందెలు నూగుతో ముద్దుగా పుడుతున్నాయి. పుట్టిన కొద్ది రోజులకే పసుపుపచ్చగా మారి, మొన నల్లబడి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి. నీళ్ళు ఎక్కువయ్యాయని రమణ, ఎండ ఎక్కువయిందని ఆమె. రెండూ సరిచూశారు. పడమటి ఎండ తగలకుండా అమ్మ పాత చీర కట్టారు. పిందెలు ఇంకా రాలుతూనే ఉన్నాయి.

అలా రోజూ ఒక బకెట్టుతో మొదలైన రాకపోకలు నెమ్మదిగా పెరిగాయి. ఆఫీసు బస్సు దిగి, చొక్కా చేతులు మడుచుకుంటూనే రమణ పెరట్లోకి వచ్చేవాడు. తులసి వెన్నులు గిల్లకపోతే మొక్క ముసలిదైపోతుందని, మల్లె పూత ఒక విడత అయ్యాక కొమ్మ కొసలు కత్తిరిస్తేనే రెండో విడత వస్తుందని నేర్చుకున్నాడు. కత్తిరించమంటే ఒకరోజు మొగ్గలున్న కొమ్మే కత్తిరించాడు. రసజ్ఞ ఏమీ అనలేదు. ఆ మొగ్గలన్నీ ఏరి జడలో పెట్టుకుంది. మర్నాడు కూడా అదే పొరపాటు చేయాలని రమణ చాలాసేపు ఆలోచించాడు గానీ ధైర్యం చాలలేదు.

ఒక సాయంత్రం ఆమె ఉన్నట్టుండి చేతిలో పారతో అలాగే నిలబడిపోయింది.

"రమణ గారూ, ఆనపలో రెండు రకాల పూలుంటాయి."

"సరే."

"కింద పిందె ఉండేది ఆడపువ్వు. సన్నటి పొడుగాటి కాడ మీద ఉత్తినే పూసేది మగపువ్వు. దీని పుప్పొడి దాని మీద పడాలి. లేకపోతే పిందె నిలవదు." చెబుతూ చెబుతూ ఆమె బీరపాదు వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టింది. "తేనెటీగలు రావట్లేదేమో. చేత్తో అద్దొచ్చు."

"ఇదంతా డిగ్రీలో ఉండిందా?"

"రికార్డులో బొమ్మ కూడా వేశాను."

"మరి ఇన్నాళ్ళూ గుర్తు రాలేదే?"

"రికార్డులో పువ్వు ఎప్పుడూ విచ్చుకునే ఉంటుంది. ఇది దీపాలు పెట్టే వేళకి విచ్చుకుంటుంది. ఆ వేళకి నేనెప్పుడూ వంటింట్లోనే ఉంటాను."

మర్నాడు ఆ వేళకు ఇద్దరూ పాదు దగ్గర నిలబడ్డారు. తెల్లటి ఆడపూలు రెండు అప్పుడే ముడత విప్పుకుంటున్నాయి. మగపువ్వు కోసం కమ్మీ కింది నుంచి డాబా దాకా ఆకు ఆకూ ఎత్తి వెతికారు. ఒక్కటీ లేదు. పొద్దున తను చూసిన మొగ్గలేమయ్యాయో రసజ్ఞకు అర్థం కాలేదు.

రమణ పక్కపాదులోంచి పచ్చటి బీరపువ్వు ఒకటి తుంచి తెచ్చాడు. "దీంతో సర్దుకోదా?"

"మీ ఆఫీసులో ఒకళ్ళ తేదీ ఇంకొకళ్ళ కంప్యూటర్లో పెడితే సర్దుకుంటుందా?"

"సర్దుకోదు. అందుకే కదా నాకు జీతమిస్తాండారు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు వినడానికి ఇంకో నాలుగు తప్పులు చేయొచ్చనిపించింది అతనికి.

కానీ మూడు నాలుగు రోజులుగా ఇదే వరస. పొద్దున మొగ్గలుంటాయి, సాయంత్రానికి ఉండవు. మేడ మీది నుంచి చేతికందేవి రమణకే కాబట్టి అతనే కోస్తున్నాడని రసజ్ఞ అనుమానించింది. పగలంతా కంప్యూటరు ముందుండే మనిషి పూలేం చేసుకుంటానని రమణ వాపోయాడు. చివరికి ఇద్దరూ కాపలా కాద్దామనుకున్నారు. రమణ సెలవు రోజున, ఎండ ఇంకా పూర్తిగా దిగకముందే, నీళ్ళ డ్రమ్ము వెనక మోకాళ్ళ మీద కూర్చున్నారు. డ్రమ్ము ఒకళ్ళు దాక్కోవడానికే సరిపోయేంత ఉంది. ఇద్దరూ సర్దుకున్నారు.

వంటింటి తలుపు తెరుచుకుంది. అమ్మణ్ణి ఇత్తడి పళ్ళెంతో వచ్చి, పొడుగాటి కాడలున్న మొగ్గలన్నిటినీ ఒక్కొక్కటే, గోటితో, చాలా శుభ్రంగా తుంచి పళ్ళెంలో వేసుకోసాగింది.

"అమ్మా, నువ్వా?" రసజ్ఞ లేచి నిలబడింది. "నువ్వా మొగ్గలు తుంచేది?"

అమ్మణ్ణి బెదరలేదు. కూతుర్ని చూసింది. కూతురి పక్కన మోకాళ్ళకు మట్టితో లేస్తున్న రమణను చూసింది. ఆ తర్వాత డ్రమ్ము వైపు కూడా ఒకసారి చూసింది.

"గొడ్డుపూలు. తీగ బలమంతా లాగేస్తాయి. మీ నాయనమ్మ నాకు కాపరానికొచ్చిన ఏడాదే చెప్పింది. రోజూ తుంచుతున్నాను, నీ పాదు కాయాలనే."

"డిగ్రీ చదివావు, ఆ మాత్రం తెలీదామ్మా? అవి లేకపోతే..."

అమ్మణ్ణి కూడా డిగ్రీ చదివిన మనిషే, కాకపోతే తెలుగు. కూతురి గొంతులోని ఆ విసురు ఆమె ముఖం మీద కనబడింది. రసజ్ఞకూ కనబడింది గానీ, అప్పటికే మాట దాటిపోయింది.

రమణ మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ అడిగాడు. "ఆంటీ, మీ ఊర్లో ఎన్ని ఇండ్లకు ఈ పాదు ఉంటుంది?"

"కోనసీమ బాబూ మాది. పాదు లేని ఇల్లుంటుందా?"

"అందుకే మీ అత్తగారు చెప్పింది అక్కడ సరిపోయింది. మీరు ఎన్ని తుంచినా పక్కింటి పూలుంటాయి, ఆ పుప్పొడి తేనెటీగలు తెచ్చేస్తాయి. ఈ వీధిలో మనదొక్కటే పాదు. తుంచితే అప్పిచ్చేదానికి ఇంకొకరు లేరు."

అమ్మణ్ణి పళ్ళెంలోని మొగ్గల్ని వేలితో అటూ ఇటూ కదిపింది. సరే అనలేదు, తప్పయిందనీ అనలేదు. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. కానీ మర్నాడు సాయంత్రం పాదు నిండా పొడుగాటి కాడల మీద తెల్లటి పూలు తలలెత్తి నిలబడి ఉన్నాయి. ఒక్కటీ ఎవరూ ముట్టలేదు.

ఆ సాయంత్రం గాలి ఆగిపోయి ఉంది. రసజ్ఞ మగపువ్వు ఒకటి తుంచి, రేకులు వెనక్కి మడిచి, మధ్యలోని పసుపు బుడిపెను ఆడపువ్వు మీద మెల్లగా అద్దింది. రెండోది రమణ చేతికిచ్చింది. కీబోర్డు నొక్కే అలవాటుతో అతను పువ్వును గట్టిగా అదిమాడు.

"అంత గట్టిగా కాదు. బుగ్గకి కాటుక చుక్క పెట్టినట్టు."

"నాకు ఎవరూ పెట్టలేదు, ఎట్ల తెలుస్తాది?"

ఆమె అతని మణికట్టు పట్టుకుని చూపించింది. పువ్వు పని అయిపోయింది. చెయ్యి వదలడం మాత్రం ఇద్దరికీ కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది. వంటింటి కిటికీలో తిరగమోత చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

నాలుగు రోజులకు ఆ పిందె మెడ వంచి నేలకేసి చూడసాగింది. పచ్చగానే ఉంది. ఒక పిందె నిలిచిందంటే ఆ పాదుకు ఏ లోటూ లేనట్టేనని రసజ్ఞ చెబుతుంటే, అలాగే నిలబడి వింటున్న రమణ పిందెను కాదు, ఆమెనే చూస్తున్నాడు.

*

పిందె అరచెయ్యంత అయ్యేసరికి మబ్బు పట్టింది. ఆ మధ్యాహ్నమే నర్సింహ మేస్త్రి టేపు తీసుకుని వచ్చాడు.

"ఏంది సారూ, ఇగ మొదలుపెడదామా? వానలు పడ్డంక పునాది తీస్తే నీళ్ళే నిలుస్తయి. జర జల్ది చెప్పుండ్రి."

భీమేశ్వరరావు కొలతలు తీయించాడు. కాయ సంగతి కూతురు గుర్తు చేస్తే, కాయ నా కంచంలోకి వచ్చినప్పుడు కదా అన్నాడు. కొలవడంలో తప్పేముందన్నాడు. గదులు ఖాళీగా ఉండే ప్రసక్తి కూడా లేదన్నాడు.

"రమణ స్నేహితులు నలుగురూ వానల్లోపు కావాలన్నారట. దిగిన వారంలోనే చెప్పాడు, పెరట్లో గదులు వేస్తే నింపే బాధ్యత నాది అంకుల్ అని. ఈ ఆలోచన నాకిచ్చిందే అతను."

రసజ్ఞ చేతిలోని నారు డబ్బా కింద పెట్టేసింది.

ఆ సాయంత్రం రమణ బకెట్టుతో దిగేసరికి పెరట్లో ఎవరూ లేరు. అతనే నీళ్ళు పోశాడు. మర్నాడూ ఎవరూ లేరు. మూడో రోజు ఆమె మెట్ల దగ్గర ఎదురైంది, పక్కకు తప్పుకుంది.

"ఏమైందండీ?"

"మీ స్నేహితులకు గదుల కొలతలు తీశారు. పెద్దగానే వస్తాయట. చెప్పండి వాళ్ళకి."

అతనికి ఆ మాట గుర్తు రావడానికి కాసేపు పట్టింది. గుర్తొచ్చాక ముఖం తెల్లబోయింది. ఉగాది వారంలో అద్దె మాట్లాడుకుంటూ, ఇంటాయన్ని సంతోషపెడదామని ఊరికే అన్న మాట అది. అప్పటికి ఈ పెరట్లో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. మెట్ల మీది నుంచి చూస్తే ఖాళీ జాగాలాగే కనబడింది.

"నాకు తెలీదు రసజ్ఞ గారూ. ఇది మీదని అప్పుడు తెలీదు."

"ఇన్ని రోజులు నా పక్కన కూచుని మట్టి తవ్వారు. ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

నిజానికి చెప్పాలనిపించకపోవడం కాదు, ఆ మాట అన్నట్టే మరిచిపోయాడు. కానీ ఆ జవాబు తనకే బాగాలేదనిపించి ఊరుకున్నాడు. ఆమె వెళ్ళిపోయింది.

ఆ శనివారం రమణ స్నేహితుల్ని వెంటబెట్టుకుని నిజాంపేటంతా తిరిగాడు. హాస్టళ్ళ మధ్య ఒక వాటా దొరికింది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తప్ప ఏమీ కనబడదని వాళ్ళు గొణిగితే, రోజంతా కంప్యూటరు చూసేవాళ్ళకి గోడైనా కొత్తే కదా అని ఒప్పించాడు. తిరిగొచ్చి నేరుగా భీమేశ్వరరావు దగ్గరికే వెళ్ళాడు. పెరడు చూడకుండా ఆ మాట అన్నానని, తనది తప్పని, స్నేహితులు రారని చెప్పాడు. ఇంకెవరినీ వెతికి పెట్టనన్నాడు. భీమేశ్వరరావుకు కోపమొచ్చింది. నువ్వు కాకపోతే హైటెక్ సిటీలో మనుషులు లేరా అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

అప్పుడే వాన మొదలైంది. ఎండాకాలపు మొదటి జల్లు, ఎక్కువసేపు ఉండేది కాదు. రసజ్ఞ నారు డబ్బాలు మెట్ల కిందికి జరపడానికి పరుగెత్తింది. లేత నారు మీద పెద్ద చినుకు పడితే వంగిపోతుంది. రమణ మరో వైపు నుంచి డబ్బాలు ఎత్తసాగాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. చివరి డబ్బా ఇద్దరి చేతుల్లోనూ ఒకేసారి పడింది.

"నాన్నతో అన్నదంతా విన్నాను," అంది.

"మీరు వినాలని చెప్పలేదు."

"తెలుసు. అందుకే మాట్లాడుతున్నాను."

వాన అతని కళ్ళద్దాల మీద జారుతోంది. ఆమె ముఖం కనబడుతోందో లేదో గానీ, అతను అటే చూస్తూ చెప్పాడు. "ఎస్టీడీ బూతు నుంచి మా అమ్మకు ఫోన్ చేసినాను. ఒక అమ్మాయి ఉందని చెప్పినాను. మొక్కలు పెంచుతుందని చెప్పినాను. మీరు సరే అంటే అంకుల్‌ను అడుగుతాను. వద్దంటే ఈ డబ్బాలు మోసేసి పైకి పోతాను."

రసజ్ఞ డబ్బా వదల్లేదు. "మీ అమ్మగారేమన్నారు?"

"ఆ పిల్ల సొరకాయ అంటుందా లేదా అని అడిగింది."

"అననని చెప్పండి."

"చెప్పినాను. మొండిది, అయితే ఇల్లు నిలబెడుతుంది అనింది."

రసజ్ఞ నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. నాన్న ఇప్పుడు కోపంలో ఉన్నారని, ఈ మాట వింటే పెరడూ పోతుంది, మీ గదీ పోతుంది అని మెల్లగా అంది. అయినా అడగమంది.

*

కాయను కోసింది అమ్మణ్ణే. ఆదివారం పొద్దున గోరు గుచ్చి చూసింది. గోరు వెన్నలోకి దిగినట్టు దిగింది. లేత కాయ. సగం ముక్కలు పాలు పోసి కూర వండింది, సగం పులుసులో వేసింది. తర్వాత మేడ మీదికి వినబడేలా, రమణను భోజనానికి రమ్మని పిలిచింది.

భీమేశ్వరరావు కంచం ముందు కూర్చుని, ఎదురుగా కూర్చున్న రమణను చూసి గొంతు సవరించుకున్నాడు. ఇద్దరూ పలకరించుకోలేదు. మొదటి ముద్ద కూరతోనే కలిపాడు. రెండో ముద్ద కూడా.

"పెరట్లోదా?"

"పెరట్లోదే," అంది రసజ్ఞ.

ఆయన ఇంకో ముద్ద తిన్నాడు. "బాగుంది. కాదనను." నీళ్ళు తాగాడు. "కానీ ఒక్క కాయ కోసం నర్సింహకి ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం బావుండదు. రేపు రమ్మన్నాను. రమణ స్నేహితులు కాకపోతే ఇంకెవరైనా వస్తారు."

రసజ్ఞ కంచంలోకి చూస్తూ ఉండిపోయింది. రమణ నోరు తెరిచాడు, మూసుకున్నాడు, మళ్ళీ తెరిచాడు. "అంకుల్, నేను ఒక విషయం..."

"అన్నం చల్లారిపోతుంది బాబూ, తిను," అంది అమ్మణ్ణి. అతని కంచంలో ఇంకో గరిటె కూర వేసి భర్త వైపు తిరిగింది. "నర్సింహ రేపు రాడండీ. నిన్న సాయంత్రమే వద్దని కబురు పంపాను."

"ఎందుకు?"

"శ్రావణంలో పెరడు ఖాళీగా ఉండాలి. పెళ్ళి భోజనాలకి విస్తళ్ళు ఎక్కడ వేయిస్తారు? రోడ్డు మీద, లారీల పక్కనా?"

"ఎవరి పెళ్ళి?"

రమణ చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. రసజ్ఞ చెవులు ఎర్రబడ్డాయి. భీమేశ్వరరావు కూతుర్ని చూశాడు, రమణను చూశాడు, చివరికి అన్నీ తెలిసి పులుసు వడ్డిస్తున్న భార్యను చూశాడు.

"నేనడగాల్సింది అంకుల్," అన్నాడు రమణ. "ఇయ్యాల అడగాలనే వచ్చినాను. మా అమ్మను తీసుకొస్తాను, మీరు సరే అంటే."

"నీకు తెలుసా?" అని భార్యనడిగాడు భీమేశ్వరరావు.

"వంటింటికి కిటికీ ఉంది కదండీ." అమ్మణ్ణి గరిటె కింద పెట్టింది. "నేను ఇరవై అయిదేళ్ళుగా చేస్తున్న పని తప్పని తెలిసింది. నా కూతురు ఆ మాట నా ముఖాన కొట్టినట్టు చెప్పబోయింది. ఈ అబ్బాయి మా అత్తగారి గౌరవం కూడా పోకుండా చెప్పాడు. అలాంటి మనిషిని మీరు పది ఊళ్ళు తిరిగి వెతకగలరా?"

రసజ్ఞ తలెత్తి తల్లిని చూసింది. "అమ్మా, ఆ రోజు..."

"తిను ముందు," అంది అమ్మణ్ణి, కూతురి కంచంలో నెయ్యి వేస్తూ.

భీమేశ్వరరావు కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కంచం చుట్టూ చూశాడు. కూతురు తినడం లేదు. తనకేసి చూడటమూ లేదు. ఆమె గోళ్ళ సందుల్లో మట్టి ఇంకా ఉంది. ఆయన ఆ వేళ్ళని కాసేపు చూశాడు.

"నీకిష్టమేనా?"

"ఇష్టమే నాన్నా."

"పెరడు కూడా కావాలా?"

"రెండూ కావాలి."

ఆయన తల పంకించాడు. ఆఫీసులో ఫైలు మీద సంతకం చేసే ముందు చేసినట్టే ఒకసారి నిటారుగా కూర్చున్నాడు.

"సరే, అందరూ వినండి. గదులు కట్టడం లేదు. గదులు కావాల్సినవాళ్ళని మణికొండ వెళ్ళమనండి. రమణా, వచ్చే ఆదివారం మీ అమ్మగారిని భోజనానికి తీసుకురా, మిగతా మాటలు పెద్దవాళ్ళం మాట్లాడుకుంటాం. పెళ్ళయ్యాక మీరిద్దరూ పైనే ఉంటారు. అమ్మాయి నర్సరీ పెరట్లోనే ఉంటుంది. పై గది ఒక్కటీ సరిపోదు కాబట్టి, నర్సింహ కొలతలు తీసిన ఆ రెండు గదులూ డాబా మీద వేయిస్తాను."

అని, మజ్జిగ కోసం చెయ్యి చాపాడు.